మందు పోయిందా, దాక్కుందా? టమాటా తోటలో ఐసోటోపుల లెక్క

ఈ ఎపిసోడ్‌ని ఒక ప్రశ్నతో మొదలుపెడతాను. ప్రశ్న నాది కాదు, మా మామది.

మా మామకి మదనపల్లె పక్కన రెండెకరాల టమాటా తోట ఉంది. నేను తిరుపతిలో కెమిస్ట్రీ చదువుకునే రోజుల్లో సెలవులొస్తే అక్కడికే పోయేవాణ్ణి. ఒకరోజు పొద్దున్నే తోటలో కాయ కోస్తున్నారు. గట్టు మీద పురుగుమందు ఖాళీ డబ్బా పడి ఉంది. "మామా, ఈ మందు ఎప్పుడు కొట్టినావు?" అని అడిగాను. "మొన్న బేస్తవారం" అన్నాడు. ఆరోజు సోమవారం. అంటే నాలుగు రోజులు. మందు కొట్టాక కోతకి ఎన్ని రోజులు ఆగాలో ఉంటుంది కదా, ఆ మాట ఎత్తాను. మామ నవ్వినాడు.

"రేయ్ అబ్బోడా, మందు కొడితిమి. రెండు దినాలు ఎండ కాసె. నిన్న వాన పడె. ఇంకా అది యాడ ఉంటాదిరా? అంతా పోయుంటాది" అన్నాడు. కాసేపు ఆగి మళ్లీ ఆయనే, "నువ్వు సదివేది అదే కదా, నువ్వే చెప్పు. ఉండాదా, పోయిందా?" అని అడిగినాడు.

నా దగ్గర జవాబు లేదు. పుస్తకంలో ఉన్నది ఏదో చెప్పి తప్పించుకున్నాను. కానీ ఆ ప్రశ్న మాత్రం నన్ను వదల్లేదు. ఎందుకంటే "పోయింది" అనే మాటకి ఒక అర్థం కాదు, నాలుగు అర్థాలున్నాయి.

ఒకటి, మందు నిజంగానే విరిగిపోయింది. సూక్ష్మజీవులు తినేసి కార్బన్ డయాక్సైడ్‌గా, నీళ్లుగా మార్చేశాయి. అసలైన పోవడం అంటే ఇదే. రెండు, అది వేరే చోటికి పోయింది. ఎండకి ఆవిరై గాల్లోకి, లేదా వానకి కరిగి కింది నీళ్లలోకి. మూడు, రూపం మార్చుకుంది. పాత పేరుతో వెతికితే దొరకదు, కొత్త పేరుతో అక్కడే ఉంటుంది. నాలుగు, మట్టికి గట్టిగా అతుక్కుపోయింది. మన పరీక్షకి బయటికి రాదు, కానీ ఉంది.

ఈ నాలుగింటినీ విడదీసి చెప్పగలిగే సాధనమే ఈరోజు మన టాపిక్. దాని పేరు ఐసోటోప్. పేరు వినగానే స్కిప్ చేయకండి, ఫోన్‌పే వాడటం వస్తే ఇది కూడా అర్థమవుతుంది.

ముందు మామూలు ల్యాబ్ ఏం చేస్తుందో చూద్దాం. టమాటాలు తీసుకుని మెత్తగా రుబ్బుతారు. అసిటోనైట్రైల్ అనే ద్రావకం పోసి, గట్టిగా కుదిపి, మందుని అందులోకి లాగుతారు. శుభ్రం చేసి మాస్ స్పెక్ట్రోమీటర్‌లోకి పంపిస్తారు. అది అణువుల బరువు చూసి "ఈ మందు ఇంత ఉంది" అని చెప్తుంది. మన దేశంలో ప్రతి పంటకి, ప్రతి మందుకి ఒక గరిష్ఠ హద్దు ఉంటుంది. ఏ హద్దూ విడిగా రాయకపోతే కిలోకి 0.01 మిల్లీగ్రాము. అది ఎంత చిన్నదంటే, పది టన్నుల లారీ నిండా ఉన్న టమాటాలన్నిట్లో కలిపి 100 మిల్లీగ్రాములు. చిటికెడు ఉప్పుకన్నా తక్కువ. దాన్ని పట్టుకోగలగడం మామూలు విషయం కాదు.

కానీ ఆ నంబరు ఒక బ్యాలెన్స్ లాంటిది. మీ అకౌంట్‌లో నిన్న 5,000 రూపాయలు ఉన్నాయి, ఈరోజు 500 ఉన్నాయి అనుకోండి. మిగతా 4,500 ఖర్చయ్యాయా, తమ్ముడి అకౌంట్‌కి పోయాయా, ఫిక్స్‌డ్ డిపాజిట్‌లో పడ్డాయా? బ్యాలెన్స్ చూస్తే తెలీదు. హిస్టరీ తెరవాలి. మట్టిలో మందుకి ఆ హిస్టరీ తెరిచేదే ఐసోటోప్.

ఇంతకీ ఐసోటోప్ అంటే ఏంటి? ఒకే మూలకానికి బరువులో తేడా ఉన్న కవలలు. కార్బన్‌నే తీసుకోండి. ప్రకృతిలో ఉన్న కార్బన్‌లో దాదాపు 99 శాతం కార్బన్-12. వందలో సుమారు ఒకటి కార్బన్-13, కొంచెం బరువైంది. ఈ రెండూ రేడియోధార్మికత లేనివి. మూడోది కార్బన్-14, లక్ష కోట్లలో ఒకటి ఉంటుంది, అది మాత్రం చాలా నెమ్మదిగా రేడియేషన్ వదులుతూ విరుగుతుంది. సగం కావడానికి 5,730 ఏళ్లు పడుతుంది. రసాయన గుణాల్లో ముగ్గురూ దాదాపు ఒకటే. మొక్కకి, సూక్ష్మజీవికి వీళ్లలో ఎవరు ఎవరో పెద్దగా తెలీదు. కానీ యంత్రానికి తెలుస్తుంది. కిటుకు అంతా అక్కడే ఉంది.

ఈ కిటుకుని మొదట వాడింది జార్జ్ డి హెవెసీ అనే హంగేరీ శాస్త్రవేత్త. ఆయన గురించి ఒక సరదా కథ ఉంది. 1911 ప్రాంతంలో ఇంగ్లండ్‌లోని మాంచెస్టర్‌లో అద్దె ఇంట్లో ఉండేవాడు. ఇంటావిడ మిగిలిపోయిన కూరనే మర్నాడు మళ్లీ వడ్డిస్తోందని ఆయనకి అనుమానం. ఒకరోజు తన ప్లేటులో మిగిలిన దాంట్లో రవ్వంత రేడియోధార్మిక పదార్థం కలిపాడట. కొన్ని రోజుల తర్వాత వడ్డించిన వంటకం దగ్గర పరికరం పెడితే అది పట్టేసింది! మన హాస్టల్ మెస్సులో ఇలాంటి అనుమానం ఎవరికి రాలేదు చెప్పండి? అదే హెవెసీ 1923లో రేడియోధార్మిక సీసాన్ని చిక్కుడు జాతి మొక్కకి నీళ్లతో పాటు ఇచ్చి, అది వేరు నుంచి ఆకు దాకా ఎలా పోయిందో చూశాడు. 1943కి సంబంధించిన కెమిస్ట్రీ నోబెల్ ఆయనకే ఇచ్చారు.

కార్బన్-14 దొరికింది 1940లో, అమెరికాలోని బర్క్‌లీలో. మార్టిన్ కామెన్, శామ్ రూబెన్ అనే ఇద్దరు కనిపెట్టారు. పురుగుమందుల్లో చాలావాటికి ఎముకలు కార్బనే కాబట్టి, శాస్త్రవేత్తలకి తాళంచెవి దొరికినట్టయింది. మందుని తయారుచేసేటప్పుడే దాని అణువులో ఒక చోట కార్బన్-14 పెట్టేస్తారు. ఆ మందు ఎక్కడికి పోయినా, ఏ వేషం వేసినా, ఆ గుర్తు దాంతో పాటే పోతుంది.

ప్రయోగం ఎలా ఉంటుందో చూడండి. ఒక గాజు పాత్రలో మన పొలం మట్టి వేస్తారు. గుర్తు పెట్టిన మందు కొలిచి కలుపుతారు. మూత బిగిస్తారు. పాత్రలో నుంచి వచ్చే గాలిని క్షార ద్రావణం గుండా పంపిస్తారు. మందు పూర్తిగా విరిగి కార్బన్ డయాక్సైడ్ అయితే అది ఆ ద్రావణంలో చిక్కుతుంది. ఆవిరైన మందుని పట్టడానికి వేరే వల ఉంటుంది. కొన్ని వారాల తర్వాత మట్టిని ద్రావకంతో కడుగుతారు, బయటికొచ్చినదాన్ని కొలుస్తారు. ఎంత కడిగినా రానిది ఏదైనా ఉందేమో అని ఆ మట్టిని కాల్చి, ఆ పొగలో కార్బన్-14 ఎంతుందో చూస్తారు. అన్నీ కూడితే మొదట వేసిన వందకి వంద దగ్గరికి రావాలి. రాకపోతే ఏదో కారింది అని అర్థం. చిల్లర కొట్టులో రాత్రి గల్లాపెట్టె లెక్క చూసినట్టు, పైసాతో సహా.

మన దేశంలో జరిగిన ఒక ప్రయోగం చెప్తాను. 1989లో ఢిల్లీ విశ్వవిద్యాలయం శాస్త్రవేత్తలు శామ్యూల్, పిళ్లై కార్బన్-14 గుర్తు పెట్టిన డీడీటీని మట్టిలో కలిపి, వేడికి, ఎండకి అది ఏమవుతుందో చూశారు. విచిత్రం ఏంటంటే, వ్యవసాయంలో డీడీటీ వాడకాన్ని మన ప్రభుత్వం ఆపేసిందీ అదే 1989లో. ప్రయోగంలో తేలింది ఏంటంటే, వేడి పెరిగేకొద్దీ డీడీటీ ఆవిరై గాల్లోకి పోవడం పెరిగింది. ఐరోపా లాంటి చల్లటి దేశాల్లో ఏళ్ల తరబడి మట్టిలో ఉండిపోయే డీడీటీ, మన లాంటి వేడి దేశాల్లో తొందరగా తగ్గిపోతుందని చాలామంది గమనించారు. చూసేవాళ్లకి మన ఎండ మంచి పని చేసినట్టే ఉంటుంది. కానీ తగ్గినదాంట్లో పెద్ద భాగం విరగలేదు, గాల్లోకి లేచింది. గాల్లోకి లేచింది ఎక్కడో ఒకచోట దిగాల్సిందే కదా. ధ్రువ ప్రాంతాల్లో ఎవరూ డీడీటీ కొట్టలేదు, అయినా అక్కడి జంతువుల కొవ్వులో అది దొరికింది.

మా మామ మాట గుర్తుందా? "రెండు దినాలు ఎండ కాసె, పోయుంటాది." ఎండ కాస్తే పోయింది నిజమే కావచ్చు. కానీ పోవడానికీ, నశించడానికీ మధ్య ఎంత దూరం ఉందో చూడండి.

ఇక వేషం మార్చే సంగతి. ఎండోసల్ఫాన్ పేరు వినే ఉంటారు. కేరళలో కాసరగోడ్ జీడిమామిడి తోటల మీద హెలికాప్టర్లతో చల్లిన మందు. 2011 మే నెలలో సుప్రీంకోర్టు దాన్ని ఆపేసింది. ఈ ఎండోసల్ఫాన్ మట్టిలో పడ్డాక సూక్ష్మజీవులు దాన్ని ఎండోసల్ఫాన్ సల్ఫేట్‌గా మారుస్తాయి. అసలు మందు కొద్ది వారాల్లో తగ్గుతుంది. కానీ ఈ సల్ఫేట్ దాదాపు అంతే విషం, పైగా ఇంకా ఎక్కువ కాలం ఉంటుంది. అసలు పేరుతో మాత్రమే వెతికితే రిపోర్టులో "లేదు" అని వస్తుంది. కార్బన్-14 గుర్తు ఉంటే మాత్రం, పేరు మార్చినా దొంగ దొరుకుతాడు. అందుకే ఇప్పుడు చాలా మందుల హద్దుల్లో అసలు మందునీ, దాని పిల్లల్నీ కలిపి లెక్కిస్తారు.

మీకందరికీ పనికొచ్చే ఇంకో ప్రయోగం. గుర్తు పెట్టిన మందుని మొక్క మొదట్లో పోస్తారు. కొన్ని రోజుల తర్వాత ఒక ఆకు తెంపి, ఎక్స్‌రే ఫిల్మ్ మీద చీకట్లో పెడతారు. మందు చేరిన చోటల్లా ఫిల్మ్ నల్లబడుతుంది. ఆకు ఈనెలు ఈనెలుగా ఫోటో వచ్చేస్తుంది. ఇమిడాక్లోప్రిడ్ లాంటి మందులు మొక్క లోపలికి పోయి రసంతో పాటు తిరుగుతాయి. ఇప్పుడు చెప్పండి, ఉప్పు నీళ్లలో కడిగితే, పసుపు నీళ్లలో నానబెడితే అది పోతుందా? పైన అంటుకున్నది కొంత పోతుంది, అందుకే కడగడం మంచిదే. లోపల ఉన్నది మాత్రం కడిగితే పోదు. "ఈ ఒక్క పొడి వేస్తే పురుగుమందు మొత్తం మాయం" అని రీల్స్‌లో చెప్పేవాళ్లని ఇకమీద ఈ ఒక్క ప్రశ్న అడగండి.

ఇక్కడ ఒక డౌట్ రావాలి. రేడియోధార్మిక మందుని పొలంలో చల్లుతారా? చల్లరు. అనుమతి ఉన్న ల్యాబుల్లో, మూసిన పాత్రల్లో, చాలా కొద్ది మోతాదుతో చేస్తారు. మరి మా మామ తోటలో, నిజమైన మట్టిలో ఏం జరిగిందో ఎలా తెలియాలి? దానికి రెండో కవల ఉంది, కార్బన్-13. దీన్ని మనం కలపక్కర్లేదు. ప్రతి మందులో సహజంగానే ఉంటుంది.

దీనికి మన చెనక్కాయల ఉదాహరణ చెప్తాను. ఒక కుప్పలో పల్చటి పొట్టు కాయలు ఎక్కువ, మందపాటి పొట్టు కాయలు కొన్ని ఉన్నాయి అనుకోండి. కూర్చుని చేత్తో ఒలుస్తుంటే పల్చటివి కొంచెం తొందరగా చిట్లుతాయి. గంట తర్వాత మిగిలిన కుప్ప చూస్తే మందపాటి కాయల పాలు పెరిగి ఉంటుంది. అదే ఎవరైనా వచ్చి గంపతో సగం కాయలు ఎత్తుకుపోతే? కుప్ప తగ్గుతుంది కానీ, పల్చటివి, మందపాటివి అదే పాళ్లలో ఉంటాయి.

మందు అణువుల్లో కూడా ఇదే జరుగుతుంది. కార్బన్-12 ఉన్న బంధం కొంచెం సులువుగా తెగుతుంది, కార్బన్-13 ఉన్నది కొంచెం మొండిగా ఉంటుంది. సూక్ష్మజీవులు మందుని విరగ్గొడుతుంటే, మిగిలిన మందులో కార్బన్-13 పాలు మెల్లగా పెరుగుతుంది. వాన నీళ్లు పల్చన చేసినా, కిందికి కొట్టుకుపోయినా ఆ పాలు పెద్దగా మారదు. అంటే మిగిలిన కొంచెం మందుని చూసి, పోయినదానికి ఏమైందో చెప్పొచ్చన్నమాట. తేడా వెయ్యిలో కొన్ని పాళ్లే, కానీ యంత్రం పట్టుకుంటుంది. చెరుకు, మొక్కజొన్నలో వాడే అట్రజిన్ లాంటి కలుపు మందుల మీద ఈ పద్ధతితో చాలా పని జరిగింది.

మన చిత్తూరు, మదనపల్లె వైపు ఇది ఎందుకు ముఖ్యమంటే, మనవి చాలావరకు ఎర్ర నేలలు, ఇసుక పాలు ఎక్కువ, సేంద్రియ పదార్థం తక్కువ. మందుని పట్టి ఉంచే శక్తి అలాంటి నేలకి తక్కువ. మన తాగునీళ్లు, సాగునీళ్లు రెండూ బోర్ల నుంచే. పొలంలో మందు తగ్గింది అనేది శుభవార్తా, లేక అది నీళ్ల వైపు బయల్దేరిందా అని అడిగే అవసరం మనకంటే ఎవరికుంటుంది?

మరి అన్ని ఊళ్లలో ఈ పరీక్ష ఎందుకు చేయరు? ఒకటి, ఖరీదు. రెండు, పాళ్లు కొలవాలంటే మందు కాస్త ఎక్కువ మోతాదులో కావాలి. నీళ్లలో అయితే పదుల లీటర్లు వడకట్టి మందుని పోగు చేయాల్సి వస్తుంది. ఇది రోజూ మార్కెట్‌లో చేసే పరీక్ష కాదు.

అయితే ఐసోటోపులు మామూలు ల్యాబుల్లోకి ఇంకో దారిలో ఎప్పుడో వచ్చేశాయి. టమాటా రుబ్బి మందు లాగేటప్పుడు కొంత నష్టపోతుంది. ఎంత నష్టపోయిందో ఎలా తెలుస్తుంది? అదే మందుకి బరువైన కవలని, హైడ్రోజన్ బదులు డ్యుటీరియం పెట్టి చేసినదాన్ని, మొదట్లోనే వంద పాళ్లు కలుపుతారు. చివర్లో యంత్రం ఆ కవల 70 పాళ్లే ఉంది అంటే, అసలు మందు కూడా 30 శాతం దారిలో పోయినట్టే. ఆ మేరకు లెక్క సరిచేస్తారు. రిపోర్టు మీద రైతు కంటెయినర్ వెనక్కి పోవడమా, ముందుకు పోవడమా ఆధారపడి ఉన్నప్పుడు ఈ 30 శాతం చిన్న విషయం కాదు.

కామెంట్లలో తరచూ వచ్చే ప్రశ్న ఇంకొకటి. "ఆర్గానిక్ అని అమ్మేది నిజంగా ఆర్గానిక్కేనా, ఐసోటోప్‌తో చెప్పొచ్చా?" కొంతవరకు చెప్పొచ్చు. యూరియాలో నత్రజని గాల్లోంచి తీసింది, పశువుల ఎరువులో నత్రజని-15 పాలు సాధారణంగా ఎక్కువ. ఆ తేడా పంటలో కనబడుతుంది. 2021 నుంచి తిరుమలలో స్వామివారి నైవేద్యానికే ప్రకృతి వ్యవసాయంలో పండిన సరుకులు వాడటం మొదలుపెట్టారు, కాబట్టి ఈ ప్రశ్న మనకి దూరం కాదు. కానీ రెండు జాగ్రత్తలు. ఇది ఎరువు గురించి చెప్తుంది, పురుగుమందు గురించి కాదు. రెండోది, మన చెనక్కాయ దగ్గర ఈ పరీక్ష తడబడుతుంది. చెనక్క మొక్క వేరు బుడిపెల్లోని సూక్ష్మజీవుల సాయంతో గాల్లో నత్రజని తనే తీసుకుంటుంది కదా. దాని పాలు యూరియా వేసినట్టే కనిపించవచ్చు. తప్పు చేయని రైతు మీద నింద పడుతుంది. ఏ పరీక్షకైనా ఎక్కడ పనిచేయదో తెలిసినవాడే దాన్ని వాడాలి.

ఇప్పుడు మామ దగ్గరికి వద్దాం. ఆయన నాలుగో రోజు ఎందుకు కోశాడు? తెలీక కాదు. టమాటా మూడు నాలుగు రోజులకోసారి కోతకొస్తుంది. పురుగు వారానికోసారి వస్తుంది. ఏడు రోజులు ఆగాలంటే మధ్యలో ఒక కోత వదిలేయాలి. 2023 జూలైలో మదనపల్లెలో కిలో 150 రూపాయలు దాటింది. అలాంటి రోజు ఆగమంటే ఎవరు ఆగుతారు? ధర రూపాయికి పడిపోయి రోడ్డు మీద పారబోసిన రోజులు కూడా అదే రైతు చూశాడు. కాబట్టి రైతుని తిట్టే వీడియో నేను చేయను.

కానీ లెక్క మాత్రం చెప్తాను. ఉదాహరణకి ఒక మందు మూడు రోజులకి సగం అవుతుంది అనుకోండి. నాలుగో రోజుకి వందలో 40 మిగులుతుంది. పన్నెండో రోజుకి 6. మధ్యలో ఆగే ఆ రోజుల్లోనే తేడా అంతా ఉంది. ఆగాల్సిన రోజులు ఎవరో ఆఫీసులో కూర్చుని రాసినవి కావు. పొలంలో మందు కొట్టి, సున్నా రోజు, ఒకటి, మూడు, అయిదు, ఏడు, పది అని కాయలు తెచ్చి కొలిచి పెట్టినవి.

ఇంట్లో వ్యవసాయం ఉన్న ఫ్రెండ్స్ ఈ మూడు చేయండి. డబ్బా మీద డైమండ్ గుర్తు చూడండి: ఎరుపు అత్యంత విషం, తర్వాత పసుపు, నీలం, ఆకుపచ్చ. డబ్బాతో వచ్చే కాగితంలో ఏ పంటకి, ఎన్ని రోజులు ఆగాలి అని ఉంటుంది. అక్షరాలు చీమంత ఉంటాయి, ఫోన్‌తో ఫోటో తీసి జూమ్ చేసి నాన్నకి చదివి వినిపించండి. కూరగాయల మీద మోనోక్రోటోఫాస్ వాడకాన్ని 2005లోనే నిషేధించారు, ఎవరిచ్చినా టమాటాకి వద్దనండి. మూడోది, మందు కొట్టిన తేదీ ఫోన్ క్యాలెండర్‌లో రిమైండర్ పెట్టండి. కోత ముందు కొట్టాల్సి వస్తే, ఆగాల్సిన రోజులు తక్కువ ఉన్న మందు ఏదో వ్యవసాయ అధికారిని అడగండి.

మొన్న పండక్కి వెళ్లినప్పుడు మామకి ఇదంతా చెప్పాను. చెనక్కాయల కుప్ప కథ విని చాలాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత అడిగినాడు: "అయితే ఇన్నేండ్లు నేను పోయిందనుకున్నది మన బోరులోకే పోయుంటే?"

తెలీదు మామా, పరీక్ష చేస్తే గానీ తెలీదు అన్నాను. ఆయన బోరు వైపు చూసి, "ఆ నీళ్లే కదరా మనం తాగేది" అన్నాడు.

తిరుపతిలో, చిత్తూరులో సైన్సు చదువుతున్న తమ్ముళ్లు, చెల్లెళ్లు ఎవరైనా ఇది వింటుంటే, ప్రాజెక్టుకి టాపిక్ ఏం తీసుకోవాలి అని వెతుక్కోకండి. మీ ఊరి బోరు నీళ్లు ఒక సీసాలో పట్టండి, మీ సార్‌ని అడగండి, అక్కడి నుంచి మొదలుపెట్టండి. మీ ఇంట్లో మందు కొట్టాక ఎన్ని రోజులకి కోస్తారో కామెంట్‌లో నిజం రాయండి, ఎవరూ తిట్టరు. మళ్లీ కలుద్దాం. ఉంటాను.